వార్ధానది మొదలు ఇంద్రావతి వఱకు

కాజీపేటనుండి ఉత్తరముగా పోవు రైలు గోదావరిని, ఆసిఫాబాదు అడవులను దాటి మహారాష్ట్రమున ప్రవేశించి, వార్ధానదిపై వంతెన నెక్కి బల్లార్షా చేరును. ఢిల్లీకిని, కాశికిని పోవు మనవారిలో పలువురు ఈ ప్రదేశమును నిద్రలో దాటిపోవువారే. వార్ధకు తూర్పున వైనగంగ ప్రవహించును. ఈ రెండును కలసి ప్రాణహిత యను పేరు దాల్చి కాళేశ్వరముకడ మన గోదావరిని చేరును. చంద్రపురము, గడచిరోలి అను రెండు జిల్లాలు ఈ నదులను ఆనుకొని యున్నవి. అచ్చట చూడదగిన గుడులును, కోటలును, టేకుటడవులును కలవు గాని మేము వానికొఱకు పోలేదు. విద్యార్థులుగా నాలుగుదినముల సేవకు పోయి, ఆ పనినే తమ బ్రదుకుగా జేసికొన్నవారి చోట్లు కొన్ని ఆ ప్రాంతమున నున్నవి. వానిని చూడబోయితిమి.

చూడవలసిన యవసరము మా యింటనే కలిగినది. మావారి అక్కగారి పెద్దకూతురు వరంగల్లున వైద్యవిద్య ముగించినది. కళాశాలలో చేరిన తొలియేటనే జాతీయ సేవా పథకమున పేరు వ్రాయించుకొన్నది. ఈ పథకము గాంధీమహాత్ముని శతజయంతి సందర్భమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సేవచేయవలెను. ఏదేని ఒక పల్లెలో ఏడుదినముల శిబిరమున నుండవలెను. మా పిల్ల ఆ గంటలను లెక్కకు మించి చేసినది. ఇంటిల్లిపాదియు సంతసించి, ఆమె తెచ్చిన పత్రమునకు చట్రము కట్టించి గోడకు తగిలించిరి. పిమ్మట ఒక వేసవిలో స్నేహితురాండ్రతో గూడి చంద్రపురము జిల్లాలోని సోమనాథమున శ్రమశిబిరమునకు పోయివచ్చినది. అప్పుడును ఎవ్వరును కాదనలేదు. చదువు ముగిసిన పిమ్మట "హేమల్‌కసా ఆసుపత్రిలో ఒక సంవత్సరము పనిచేసెదను" అన్నది. అంతట ఇల్లు అట్టుడికినట్లుడికినది.

రామాయణము చదువుకొన్న యిండ్లలో ఇది క్రొత్తకథ గాదు. యాగరక్షణమునకు రాముని పంపుమని విశ్వామిత్రుడు కోరినప్పుడు, అడిగినది ఇచ్చెదనన్న దశరథుడే మూర్ఛిల్లెను గదా! సేనను గొనిపొమ్మనెను, తానే వచ్చెద ననెను, కుమారుని మాత్రము వలదనెను. మా వదినెగారును అట్లే, "కావలసిన సొమ్ము ఏటేట చందాగా పంపెదను, పిల్లను మాత్రము పంపను" అనిరి. పరుల పిల్లలు చేసిన సేవనుగూర్చి సభలలో విని చప్పట్లు చరచుటకును, తన పిల్లకు పెట్టె సర్దియిచ్చుటకును నడుమనున్న దూరము తల్లియైనవారికే తెలియును. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. తుదకు ఆమె మాతో, "తమ్ముడును నీవును పోయి ఆ చోటు చూచిరండి. నన్నూరడించుటకని ఒక్కమాటయు కలుపక చూచినది చూచినట్లు చెప్పుడు" అనిరి. మావారు బడికి సెలవు పెట్టిరి. పిల్లయు మాతో బయలుదేరినది. శివరాత్రికి వారముదినములు ముందు. మోదుగులు ఎఱ్ఱగా పూచియున్నవి.

ముందుగా వరోరా స్టేషనులో దిగితిమి. ఊరికి సమీపమున ఆనందవనము కలదు. దీనిని స్థాపించిన బాబా ఆమ్టేగారు 1914లో హింగణఘాటున కలవారింట జన్మించిరి, వరోరాలో న్యాయవాది. వానలో మురికికాలువ యొద్ద పడియున్న ఒక కుష్ఠురోగిని జూచి మొదట భయపడి తొలగిపోయిరనియు, ఆ భయము తమలో నున్నదన్న తలపే వారిని నిద్రపోనీయలేదనియు చెప్పుదురు. 1949లో కలకత్తాకు పోయి ఆ వ్యాధి చికిత్స నేర్చుకొని వచ్చిరి. ఆఱుగురు రోగులు, 14 రూపాయలు, ఒక కుంటి ఆవు, 50 ఎకరముల రాతినేల, ఇవి నాటి మూలధనము. 1951లో వినోబాభావేగారు వచ్చి ఆశ్రమమును ప్రారంభించిరి.

మన పల్లెలలో పెద్దరోగమనునట్లే మహారాష్ట్రులు ఈ వ్యాధిని మహారోగమందురు. 1981లో ప్రపంచారోగ్యసంస్థవారు బహుళౌషధ చికిత్సను విధించినది మొదలు, ఆఱునెలలనుండి సంవత్సరములోపల ఇది నయమగుచున్నది. నాడు ఆ మందులు లేవు. అంతకన్న ముఖ్యముగా, రోగిని అంటుటకు జంకని చేయి కఱవై యుండెను. రోగులు పండించిన కూరగాయలను అంగడిలో ఎవ్వరును కొనకపోయిరి. 1950 దశకమున అనేకదేశముల యువజనులు, అంతర్జాతీయ స్వచ్ఛంద సేవాసంఘమువారు, ఇచ్చటికి వచ్చి నెలలకొలది ఇటుకలు మోసిరి, గోడలు కట్టిరి, రోగులు వండిన యన్నమే తినిరి. అంతవఱకు ఆ దిక్కు చూడని ఊరివారు, ఈ తెల్లదొరబిడ్డల వింత చూడవచ్చి ఆ వనమును గూడ చూచిరట. ఆ యువజనులు కట్టిన గోడలకన్న, వారు తొలగించిన వెఱపే గొప్పదని మాకు తోచినది. నేడచ్చట మగ్గముల చప్పుడు, వడ్రంగిశాల, అంధబాలురకును చెవిటిపిల్లలకును బడులు, కళాశాల కలవు. వ్రేళ్లు కొఱగాని చేతులతో నేసిన జంపఖానా యొకటి మేము కొంటిమి. నేత బిగువుగా నున్నది. బేరమాడుటకు నోరు రాలేదు.

అయితే ఆ యింటికథలో మేము ముఖ్యముగా వెదకినది బాబాగారి భార్యను. ఈమె ఇందు అను పేరుగల సనాతనకుటుంబపు కన్య. ఒక పెండ్లియింట అందఱును పట్టుచీరలతో తిరుగుచుండగా, ఈమె యొక్కతె చాటున వృద్ధదాసికి బట్టలుతుకుటలో తోడ్పడుచుండగా ఆయన చూచి, ఈమెనే పెండ్లాడెదననిరట. 1946లో వివాహమయ్యెను. సాధనాతాయి యని పిలువబడి, పసిబిడ్డలతో ఆ రాతినేలమీద రోగుల నడుమ కాపురముచేసిరి. 2011లో గతించిరి. తమ జీవితకథను మరాఠీలో వ్రాసి, దానికి 'సమిధ' యని పేరుపెట్టిరి. హోమమున జ్వాలను అందఱును చూతురు, సమిధను ఎవరు చూతురు? ఈ పేరు పెట్టిన యామె లోకమును బాగుగ నెఱిగినదే.

వరోరానుండి చంద్రపురము మీదుగా మూల్ అను ఊరికి, అచ్చటినుండి సోమనాథమునకు పోయితిమి. 1960 దశకము చివర బాబాగారు ఇచ్చట ప్రభుత్వమిచ్చిన అడవినేలను సాగుచేయించి, వేసవిసెలవులలో విద్యార్థులను పిలువ నారంభించిరి. తెల్లవారకముందే లేచుట, పార పలుగు పట్టుట, మధ్యాహ్నము ఉపన్యాసములు, సాయంకాలము పాటలు, ఇది శిబిరపు దినచర్య. మేము పోయినప్పుడు శిబిరము లేదు; వరిమళ్లు కోసి బోడిగా నున్నవి. మా పిల్ల తాను మట్టితీసిన చోటును మాకు చూపినది. "మొదటి రెండుదినములు చేతులు పొక్కి కన్నీరు వచ్చినది అత్తమ్మా, ఎవ్వరికిని చెప్పలేదు" అన్నది. వారముదినములలో కళాశాలపిల్లలు త్రవ్వినది ఆ ఊరి కూలివారు రెండుదినములలో త్రవ్వెదరని మావారనిరి. పిల్ల నవ్వి ఒప్పుకొన్నది. మట్టికొఱకు ఎవ్వరును అంతమంది పిల్లలకు అన్నము పెట్టి పిలువరు. అచ్చట ఒక పరిచయము కలుగును. ఎండకును, పప్పన్నమునకును, సామాన్యపు పడకకును తాను తట్టుకొనగలదో లేదో పిల్లకు తెలియును. ఈ పిల్ల పాటలకొఱకు వచ్చినదో పనికొఱకు వచ్చినదో సంస్థవారికి తెలియును. వచ్చిన వందలమందిలో మఱుసటియేడు మరల వచ్చువారు కొందఱు. వారిలో ఉత్తరము వ్రాసి "నాకేమి పని యిచ్చెదరు?" అని అడుగువారు ఇంకను కొందఱు. ఇట్లే జల్లెడలో మిగిలినవారితో ఈ సంస్థలు నడచుచున్నవి. 1985 డిసెంబరులో బాబాగారు నడుమునొప్పితో వాహనమున పడుకొనియే కన్యాకుమారినుండి కాశ్మీరమునకు బయలుదేరినప్పుడు, సైకిళ్లమీద వెంటపోయినవారు ఇటువంటి యువతీయువకులే.

పిమ్మట వైనగంగ దాటి గడచిరోలి చేరితిమి. ఆ పట్టణమునకు అనతిదూరమున శోధగ్రామము కలదు. డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు నాగపురమున వైద్యము చదివి, అమెరికాలో ప్రజారోగ్యశాస్త్రము నభ్యసించి, మరలివచ్చి 1986లో ఇచ్చట పనికి పూనుకొనిరి. రాణీ బంగ్‌గారు మొదట చేసిన పనిని మన సోదరీమణులందఱును తెలిసికొనవలెను. రెండు పల్లెల స్త్రీలను పరీక్షించి, నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి కలదనియు, వారిలో అంతకుముందు వైద్యుని కంటబడినవారు నూటికి ఎనిమిదిమందియే యనియు 1989లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటించిరి. చెప్పుకొనుటకు సిగ్గుపడి మోసికొని తిరిగిన బాధలన్నియు అట్లు లెక్కకెక్కినవి.

పురిటిబిడ్డల మరణములను తగ్గించుటకు వారు పట్టణపు నర్సులను తేలేదు. ఆయా పల్లెల స్త్రీలనే, స్వల్పముగా చదువుకొన్నవారిని, ఎన్నుకొని నేర్పిరి. బిడ్డను తూచుట, ఒడలి వేడిమిని చూచుట, ఊపిరి లెక్కించుట, చీము పట్టిన గుర్తు లెఱుగుట, వెచ్చగా చుట్టుట మొదలైనవి ఆ శిక్షణలోనివి. 39 పల్లెలలో మూడవయేటికి నవజాతశిశువుల మరణములు నూటికి 62 వంతులు తగ్గినవని 1999లో వెల్లడించిరి. మన వీధికి బిడ్డపుట్టిన మూడవనాడు, ఏడవనాడు, పదునాలుగవనాడు వచ్చి తూచిపోవు ఆశాకార్యకర్తను చూచుచున్నాము గదా! 2011 మొదలు దేశమంతట నడచుచున్న ఆ యింటింటి పద్ధతికి మూలములలో ఒకటి ఈ అడవిజిల్లాలోనిది. మేము ఆ మాట విని, మా చంటివానిని తూచిన యామెకు ఒకనాడైనను మజ్జిగ యిచ్చితిమా యని ఇంటిసంగతి జ్ఞాపకము చేసికొంటిమి. ఇచ్చితిమి గాని, గుమ్మములోనే.

యువజనులకొఱకు ఈ దంపతులు 2006లో 'నిర్మాణ్' అను శిక్షణమును నెలకొల్పిరి. ఇందులో మాకు మిక్కిలి నచ్చినది, చదువును మానివేసి రండని పిలువకపోవుట. వైద్యము చదివినవారు వైద్యముతోడను, యంత్రశాస్త్రము చదివినవారు యంత్రములతోడను ఏమి చేయగలరో వెదకుమందురు. సేవాసంస్థకు మంచిమనసు చాలునని మనలో ఒక భ్రమ కలదు. లెక్కలు వ్రాయగలవారు, మందులగది సర్దగలవారు, బావికి పంపు బిగింపగలవారు లేక మంచిమనసులు ఎన్నియున్నను బండి కదలదు. అందుచేత మా పిల్ల పట్టా పుచ్చుకొని పిమ్మట పోవ నెంచుటయే మేలని మావారు తలచిరి.

గడచిరోలినుండి ఆలపల్లికి బస్సు. అచ్చటినుండి భామ్రాగడ్ పోవు త్రోవ అంతయు అడవియే. ఆలపల్లి టేకుచెట్ల ఎత్తు చూచుటకు తలపైకెత్తిన మావారి టోపీ క్రిందపడినది. నడుమ నడుమ పోలీసు కావళ్లు కనబడినవి. ఈ ప్రాంతము 1980 దశకమునుండి సాయుధసంఘర్షణలతో నలిగినది. తల్లిదండ్రులు వెఱచుటకు ఇదియు నొక హేతువు, దానిని దాచి చెప్పరాదు. ఇంద్రావతి, పాములగౌతమి, పర్లకోట అను మూడు నదుల కూడలియొద్ద భామ్రాగడ్; దానికి అతి సమీపమున హేమల్‌కసా.

1973 డిసెంబరు 23వ తేదీన ఇచ్చట 'లోక్ బిరాదరీ' అను పేర సేవాకేంద్రము వెలసినది. బాబాగారి చిన్నకుమారుడు డాక్టరు ప్రకాశ్ నాగపురమున శస్త్రవైద్యములో పైచదువు చదువుచు, దానిని విడిచి వచ్చిరి. భార్య మందాకినీగారును డాక్టరే. మత్తుమందు శాస్త్రమునందు నేర్పరి. పెండ్లికి ముందే ఆయన తాను అడవికి పోదునని చెప్పగా, ఆమె తెలిసియే చేయిపట్టిరి. పూరిపాక కాపురము; విద్యుత్తు పెక్కేండ్లు లేదు; వానకాలమున నదులు పొంగిన బాహ్యప్రపంచముతో సంబంధము తెగెడిది. అచ్చటివారు మాడియా గోండులు. వారి భాష ఈమెకు రాదు, ఈమె భాష వారికి రాదు. అది మన ద్రావిడభాషలలోనిదే. నీటిని 'ఏర్' అందురని విని, మన 'ఏరు' జ్ఞాపకము వచ్చి మాకు ఆనందమైనది. జనులు మొదట దరిచేరలేదు. మంత్రగానికడ కుదురని రోగులు ఒకరిద్దఱు బాగుపడిన పిమ్మట, మైళ్లకొలది నడచి రాసాగిరి. ఎలుగు చీల్చిన ముఖములు, పాముకాట్లు, తలకెక్కిన మలేరియా, అడ్డము తిరిగిన కాన్పులు వచ్చెడివి. విద్యుద్దీపము లేక లాంతరు వెలుతురున కుట్లు వేసిరి. పరిశోధనశాలలు లేవు, చేతికందినదానితో పనిచేయుటయు, పుస్తకము తెఱచి చూచి చికిత్స చేయుటయు.

మేము చూచినప్పుడు ఆసుపత్రి ముంగిట చెట్లక్రింద రోగుల బంధువులు మూడురాళ్ల పొయ్యిలపై అన్నము వండుకొనుచుండిరి. ఒక మాడియాస్త్రీ పురిటిబిడ్డను ఱొమ్మునకు కట్టుకొని మమ్ము చూచి నవ్వినది. 1976లో ఆరంభమైన బడిలో చదివిన మాడియాబాలురలో వైద్యులైనవారును కలరు. ఆసుపత్రిప్రక్క అనాథమృగముల నివాసమొకటి కలదు. వేటగాండ్రు చంపిన తల్లికోతి ఱొమ్మును పట్టుకొని వ్రేలాడుచున్న పిల్లను బియ్యమిచ్చి విడిపించుకొనుటతో అది మొదలైనదట. 2008లో ప్రకాశ్, మందాకినీ దంపతులకు ఇరువురకును కలిపి రామన్ మెగసెసే బహుమానము వచ్చినది. వారి కుమారుడును కోడలును వైద్యులై అచ్చటనే పనిచేయుచున్నారు.

మా వదినెగారికి చెప్పవలసిన సంగతులను మేము ప్రత్యేకముగా కనుగొంటిమి. ఆడుపిల్లలకు వేఱుగదులు కలవు. భోజనము అందఱితో పాటు. పచ్చళ్లు మాత్రము ఇంటినుండి తెచ్చుకొనవలసినదే. జీతమునుగూర్చి ఒకమాట చెప్పవలెను. ధర్మసంస్థలో పనిచేయువారు ఒక్కకాసును పుచ్చుకొనరాదని తలచువారు మనలో కలరు. మావారు ముప్పదియవ తేదీకై ఎదురుచూచు బడిపంతులు. అందుచేత ఆయన పిల్లలను ప్రేమింపరని ఎవ్వరైన అందురా? తిండికి, బట్టకు, తల్లిదండ్రులకు మందులకు చాలినంత లేనిచో, ఎంతటి యుత్సాహవంతులైనను మూడవయేట ముఖము చాటువేయుదురు. ఇటువంటి చోట్ల ఇచ్చునది పట్టణపు ఆసుపత్రులలోనిదానికి సాటి రాదు. మా పిల్ల దానిని అడిగి తెలిసికొని, కాగితముమీద వ్రాసికొన్నది. ఆ పని చూచి మాకు ధైర్యము కలిగినది. లెక్క అడిగినపిల్ల ఆవేశముతో పోవునది గాదు.

ఆ రాత్రి మావారామెను, "ఏడాదియైన పిమ్మట అచ్చటనే నిలిచెదనన్న?" అని అడిగిరి. "మామయ్యా, ఇప్పుడు ఏడాదికే అడుగుచున్నాను. నిలుచుటయో మరలుటయో ఈనాడే చెప్పిన అబద్ధమగును" అన్నది. ఇట్లు వచ్చినవారిలో మరలిపోయినవారే ఎక్కువమంది. వారిలో కొందఱు తమ ఊళ్లలో వైద్యము చేసికొనుచు ఏటేట వచ్చి పోవుదురు. అదియు తక్కువ గాదు.

మరల ఆలపల్లికి వచ్చి, దక్షిణముగా సిరోంచ చేరితిమి. అచ్చట బస్సులో కూర్చున్న యాడువారు తెనుగులో వంకాయలధర మాటలాడుచుండగా చెవులకు పండుగైనది. పూర్వము పడవలమీద దాటెడి నదిపై ఇప్పుడు వంతెన కలదు. దాటగనే కాళేశ్వరము, శివరాత్రి జనసమ్మర్దమున సంగమస్నానముచేసి ఇల్లు చేరితిమి.

మా వదినెగారు అంతయు విని, పోలీసు కావళ్లమాట రెండుమాఱులు చెప్పించుకొనిరి. మందాకినీగారి పూరిపాక కథను మూడుమాఱులు చెప్పించుకొనిరి. పిమ్మట రెండుదినములు ఎవ్వరితోను మాటలాడలేదు. మూడవనాడు పిల్లను పిలిచి, పైచదువు ప్రవేశపరీక్ష వచ్చుయేడు తప్పక వ్రాయవలెననియు, వారమున కొకమాఱు మాటలాడవలెననియు, దసరాకు తానే అచ్చటికి వచ్చి చూతుననియు చెప్పిరి. వానలకు త్రోవలు చెడకముందే పంపవలెను గనుక వైశాఖమున ప్రయాణము నిశ్చయమైనది. మేము దోమతెర యొకటి, గట్టిచెప్పులు ఒకజత కొనియిచ్చితిమి. మాగాయ జాడీ మూతకు గుడ్డకట్టుచు మా వదినెగారు, ఆ మూడురాళ్ల పొయ్యిలయొద్ద వండుకొనువారికి గూడ కొంచెము పట్టునట్లు పెద్దజాడీ తీసిరి.